అశ్వని వానకు అరకులో వేరే లెక్క

మార్చిలో అరకులోయకు బయల్దేరేవాళ్లకు సంచిలో ఏం సర్దుకోవాలో పాలుపోదు. తెల్లారి ఆరింటికి స్వెటర్ కావాలి. పదింటికల్లా అది విప్పి చంకన పెట్టుకోవాలి. మధ్యాహ్నం ఎండకు పట్టిన గొడుగే నాలుగింటికి వానకూ పట్టాల్సి రావచ్చు. రాత్రి మళ్లీ దుప్పటి. ఒక్క రోజులో మూడు కాలాలూ చూసొచ్చామని కొండ దిగిన పర్యాటకుడు నలుగురికీ చెప్పుకుంటాడు. కొండమీద ఉండేవాళ్లకు మాత్రం ఆ నాలుగింటి మబ్బుతో పెద్ద పనే ఉంది. ఏడాది రాబడి చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది.

అదీ ఒక్క తీరుగా కాదు. అనంతగిరి వైపో, హుకుంపేట వైపో ఏదో ఒక గిరిజన గూడెంలో ఫాల్గుణ మాసపు మధ్యాహ్నం ఓ ఇంటిని చూడండి. వాలు మీద ఎకరమో రెండెకరాలో కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల పాదులు. వాకిట్లో ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ములు. పక్కన చాప మీద పిక్క తీయాల్సిన చింతపండు. పెరట్లో పనస, మామిడి, ఒక చిక్కుడు పందిరి. ఎగువన మెట్ట మీద నరికి ఎండబెట్టిన పోడు కంప. కొండ వెనక మబ్బు లేచిందంటే తోటకు ప్రాణం లేచొస్తుంది, వాకిలికి గుండె జారిపోతుంది. వాన రావాలని మొక్కేదీ, ఈ పూటకు రావద్దని మొక్కేదీ ఒకే ఇల్లు. వసంతకాలపు వాన గురించి మైదానంలో మనం వేసుకున్న లెక్కలు కొండెక్కితే ఎందుకు తప్పుతాయో ఈ ఇంటి ముందు నిలబడితే తెలుస్తుంది.

కింద పల్లెల్లో "అశ్వని కురిస్తే అంతా నష్టం" అని సామెత. అశ్వని కార్తె ఏప్రిల్ నడిమిలో మొదలై దాదాపు రెండు వారాలుంటుంది. కల్లంలో దాళ్వా ధాన్యం, చెట్టున మామిడి, నేలమీద ఆరబోసిన మిరప, ఏది తలచుకున్నా అప్పుడు పడే చినుకు చేటే. వెంటనే వచ్చే భరణి కార్తెకు సామెత మాట మారుస్తుంది: "భరణి కురిస్తే ధరణి పండును." అప్పటికి కల్లాలు ఖాళీ అవుతాయి, దుక్కికి పదును కావాలి గనక. సామెత కట్టిన పెద్దమనిషి వరిపొలం గట్టున నిలబడి కట్టాడు. కాఫీ చెట్టు ఆయన కంటబడలేదు. పడుంటే అశ్వని మీద అంత నింద వేసేవాడు కాదు. మార్చిలో పూసిన కాఫీకి ఏప్రిల్‌లో ఇంకో వాన పడకపోతే పిందె నిలవదు మరి.

లక్ష లీటర్ల పూతవాన

కాఫీ ఈ కొండలకు పుట్టుపంట కాదు. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లా పాములేరు లోయలో నాటించిందే ఆంధ్రలో తొలి కాఫీ అంటారు. విశాఖ మన్యానికి తర్వాత పాకింది. గిరిజన సహకార సంస్థ, పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి వేశాక అది గిరిజనుల సొంత తోటగా మారింది. గూడెం కొత్తవీధి మండలం ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం 1976 నుంచి ఉంది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ కీర్తి అంతా పత్రికల్లో వచ్చిందే, ఇక్కడితో వదిలేద్దాం. చెట్టు సంగతికి వద్దాం.

అరబికా కొమ్మ మీద ఆకుల మొదళ్లలో మొగ్గలు వానాకాలం చివర్లోనే పుడతాయి. పుట్టి, కాస్త ఎదిగి, అక్కడే ఆగిపోతాయి. చలికాలమంతా అలా పడుకునే ఉంటాయి. ఆ నిద్రకు ఎండు నేల కావాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వేళ్లకు తడి తగ్గి చెట్టుకు కొంత దాహం వేయాలి. మధ్యాహ్నం ఆకులు వాలిపోయి, పొద్దు వాలాక తేరుకుంటుంటే తోట తెలిసిన రైతు కంగారు పడడు. మొగ్గ తయారవుతోందని అర్థం చేసుకుంటాడు. చెట్టు అలా దాహం మీద ఉండగా ఒక్క దెబ్బకు అంగుళం వాన పడితే, అంటే 25 మిల్లీమీటర్లకు తగ్గకుండా పడితే, మొగ్గ కదులుతుంది. ఆకుపచ్చ పోయి తెలుపు తిరుగుతుంది, రోజురోజుకూ సాగుతుంది. వాన పడిన ఎనిమిదో రోజో పదో రోజో తెల్లవారుజామున విచ్చుకుంటుంది.

ఎకరం నేల మీద 25 మిల్లీమీటర్ల వాన అంటే లక్ష లీటర్ల పైమాటే. కర్ణాటకలో కొడగు, చిక్కమగళూరు ఎస్టేట్ల వాళ్లు, అందులోనూ రోబస్టా రకం వేసినవాళ్లు, ఆకాశం మొరాయిస్తే స్ప్రింక్లర్లు తిప్పి పూత తెప్పించుకుంటారు. చెరువులు, పంపులు, పైపులు వాళ్లకున్నాయి. ఎకరం రెండెకరాల గిరిజన రైతు లక్ష లీటర్లు వాలు మీదికి ఎలా మోస్తాడు? ఆయన చేయగలిగిందల్లా తల ఎత్తి చూడటమే.

పోనీ వాన పడిందే అనుకుందాం. ఐదో పదో మిల్లీమీటర్లు కురిసి పోయిందనుకోండి. మొగ్గ సగం లేచి, మర్నాటి ఎండకు మాడిపోతుంది. అసలు పడకపోవడం కంటే అది పెద్ద నష్టం. ఎందుకంటే ఆ మొగ్గ మళ్లీ లేవదు. సరిపడా పడి పువ్వు విచ్చిన రోజునే ఇంకో జల్లు కొట్టిందనుకోండి, పుప్పొడి కొట్టుకుపోతుంది. మొగ్గ సాగే రోజుల్లో ఎండ మరీ ముదిరితే పువ్వు పూర్తిగా విచ్చుకోదు. రేకలు కురచబడి, పచ్చపచ్చగా, బిరుసుగా ఉండిపోతుంది. దానికి కాయ పట్టదు. అన్నీ గట్టెక్కి పిందె పడ్డాక రెండు మూడు వారాల్లో మరో వాన కావాలి. మూడు నెలలు ఎండ, ఒక రోజు జోరువాన, పది రోజులు తెరిపి, మళ్లీ ఒక వాన. ఇన్ని షరతులు పెట్టే కొత్త అల్లుణ్ణి ఏ అత్తవారూ రెండో పండగకు పిలవరు. కాఫీని మాత్రం ఏటా పిలుస్తూనే ఉన్నారు. ఇంట్లోకి రొక్కం తెచ్చేది అదే కదా.

ఆ పూత ఉన్న ఉదయం మాత్రం చూసి తీరాల్సిందే. ఒక్కో కొమ్మ మీద ఆకుల జంట జంటకీ మొదట్లో గుత్తు కట్టిన ఐదు రేకల తెల్లపూలు. వాసన మల్లెకు దగ్గర, దానికంటే కాస్త తియ్యన. వాలంతా ఒకే రోజు పూస్తుంది గనక అనంతగిరి ఘాట్‌లో మలుపు తిరిగే బస్సు కిటికీలోంచే పసిగట్టొచ్చు. పొద్దెక్కేసరికి తేనెటీగల హోరు. అరబికా తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు కాబట్టి తేనెటీగ రాకపోయినా పంట పూర్తిగా పోదు, వస్తే మేలే. రెండో రోజుకు రేకల అంచులు గోధుమరంగు తిరుగుతాయి. మూడో నాటికి పువ్వు వడలి వేలాడుతుంది. అప్పుడు దాన్ని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే గొట్టంతో సహా ఊడొస్తుంది. అడుగున గుండుసూది తలంత పచ్చని బొడిపె మిగులుతుంది. అదే పిందె. కొన్ని వారాల పాటు అది అంతే ఉంటుంది, పెరిగినట్టే కనిపించదు. వానలు పట్టాక గాని ఒళ్లు చేయదు. ఎర్రగా పండి బుట్టలో పడేసరికి ఎనిమిది, తొమ్మిది నెలలు. నవంబరు, డిసెంబరుల్లో కోసే పండు తలరాత మార్చిలోనే తేలిపోయిందన్నమాట.

దీన్ని చూసే పర్యాటకులు తక్కువ. జనం ఎగబడేది నవంబరు నుంచి జనవరి దాకా, మంచు కోసం, వలిసె చేల పసుపు కోసం. వలిసె చేను రోజుల తరబడి పూసి ఉంటుంది, ఎన్ని ఫొటోలకైనా ఓపిగ్గా నిలబడుతుంది. కాఫీ పూత రెండు మూడు రోజుల ముచ్చట. ఏ రోజన్నది ముందే అచ్చువేసి హోటల్ గది బుక్ చేసుకోడానికి లేదు. వాన పడ్డాక ఎనిమిదో రోజుకు బయల్దేరగలిగే తీరిక ఉన్నవాడికే ఆ యోగం.

వాకిట్లో అదే వాన

తోటలో పూతవాన పడిన సాయంత్రమే వాకిట్లో బరకాలతో పరుగులు మొదలవుతాయి. పసుపు తవ్వి, వేళ్లు తీసి, పెద్ద పాత్రల్లో ఉడకబెట్టి, ఎండలో పోసేది సరిగ్గా ఈ రోజుల్లోనే. ఉడికిన కొమ్ము బాగా ఎండి, విరిస్తే టక్కున శబ్దం వచ్చేదాకా ఆరాలి. మధ్యలో తడిస్తే బూజు పడుతుంది, రంగు చెడుతుంది. ఒక్కోసారి బరకం కప్పాక ఎండ కాస్తుంది. బరకం కింద ఆవిరి పట్టి, వానకు తడవని పసుపు చెమటకు తడుస్తుంది. తీసి మళ్లీ కప్పి మళ్లీ తీసే ఆ పని ఎక్కువగా ఆడవాళ్ల నెత్తినే పడుతుంది.

చింతపండుదీ అదే గోల. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చింతచెట్లు దులిపే కాలం. చెట్టు మీదే పెంకు పగిలిన కాయకు వాన తగిలితే లోపలి గుజ్జు నల్లబడుతుంది. రాల్చి తెచ్చి, పెంకు కొట్టి, ఈనె తీసి, పిక్క తీసి, అంతా అయ్యాక తడిస్తే ముద్ద కట్టి పులిసిపోతుంది. వారపు సంతలో దీని మీద జరిగే బేరం ఇలా ఉంటుంది.

"తడి తగిలినట్టుందే అప్పా, రంగు సూడు."

"నిన్న మాపటేల కొట్టింది బావూ. నానేటి సెయ్యను? కిందటి వారం ఇదే సరుకు బంగారమన్నావు."

"కిందటి వారం ఎండ కదప్పా."

రంగు చూపించి షావుకారు ధర దించుతాడు. వాన పడిన మర్నాటి సంతలో ఆయన కంటికి సరుకంతా నల్లగానే కనిపిస్తుంది, తడిసినదీ తడవనిదీ. ఆ మాయ నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. చింతపండు, తేనె, కరక్కాయ వంటి అటవీ సరుకును అది ముందే ప్రకటించిన ధరకు కొంటుంది. కానీ నాణ్యత చూసే కొంటుంది. మబ్బు చేసిన నల్లరంగును ఏ సంస్థా తెల్లగా మార్చలేదు.

ఇప్పపూలు రాలేదీ మార్చి, ఏప్రిల్‌లలోనే. తెల్లవారకముందే చెట్టు కింద ఏరి, ఎండబెట్టాలి. రాత్రి కురిస్తే పువ్వు మట్టిలో కలిసి పులుస్తుంది. కొండచీపుర్ల పుల్లలు కోసి కట్టలు కట్టి ఆరేసేదీ ఈ చివరి చలిరోజుల్లోనే. ఇవన్నీ ఒక్కో ఇంట్లో కొన్నేసి వందల, వేల రూపాయల బాపతు. జిల్లా పంట నష్టం నివేదికల్లోకి ఇవి ఎప్పుడూ ఎక్కవు. కాఫీకి వాన అనుకూలించిన ఏడాది "ఈసారి మన్యంలో మంచి వసంతం" అని మనం రాస్తాం. నేనైతే ఆ మాట రాసేముందు పసుపు ఎక్కడ ఆరుతోందో చూడాలంటాను.

ఈ మబ్బు ఎక్కడిది?

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. పక్కనున్న శిమిలిగుడ రైల్వే స్టేషన్ 996 మీటర్లు. బ్రాడ్‌గేజ్ మీద దేశంలోకెల్లా ఎత్తైన స్టేషనని దానికి ఒకప్పుడు పేరు. కిలోమీటరు పైకి పోతే సగటున ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది కాబట్టి విశాఖలో ఉక్కపోస్తున్న వేళ ఇక్కడ హాయిగానే ఉంటుంది. రాత్రయ్యేసరికి చుట్టూ కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అందుకే తెల్లారి అడుగున మంచు, పైన ఎండ. మార్చి మొదట్లో తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ పదిహేను డిగ్రీల తేడా ఉండే రోజులు మామూలే.

వేసవి ముఖాన బంగాళాఖాతం మీద గాలి ఒత్తిడి పెరిగి అక్కడినుంచి తేమగాలి తీరం దాటి లోపలికి వీస్తుంది. వాయవ్యం నుంచి ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా పొడిగాలి వస్తుంది. రెండూ ఎదురుపడే గీతనే వాతావరణ శాఖ వాళ్లు ద్రోణి అంటారు. మార్చి, ఏప్రిల్‌లలో వార్తల్లో రోజూ వినపడే "ద్రోణి ప్రభావంతో అక్కడక్కడా ఉరుములతో కూడిన జల్లులు" ఇదే. ఆ తేమగాలి తూర్పు కనుమల గోడకు కొట్టుకుని పైకి లేవక తప్పదు. దానికి తోడు మధ్యాహ్నపు ఎండకు రాతివాలు కాగి కింది నుంచి గాలిని ఎగదోస్తుంది. రెండు మూడు గంటల్లో మబ్బు పది కిలోమీటర్ల పైకి నిలువుగా లేస్తుంది. దాని తల మీద చినుకులు గడ్డకట్టి వడగళ్లవుతాయి. మైదానంలో ఆ గడ్డలు నేల చేరేలోపు చాలావరకు కరిగిపోతాయి. కొండమీద దూరం తక్కువ గనక గడ్డలుగానే పడతాయి.

"అక్కడక్కడా" అన్న ఆ ఒక్క మాట కొండ రైతుకు ఉసూరుమనిపిస్తుంది. టైడా, అనంతగిరి వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న వాలుకు దొరికిన చినుకు, గాలికొండ దాటాక లోపలి లోయకు దొరకాలని లేదు. ఒక గూడెంలో వాకిలి కొట్టుకుపోతుంటే పక్క గూడెంలో దుమ్ము రేగుతుంటుంది. అక్కడ రేపో మాపో పూత, ఇక్కడ ఇంకా ఎదురుచూపు. పిడుగులు పడతాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతుంది. సిగ్నల్ ఉన్న మలుపు దాకా నడిస్తే అది అందుతుంది.

కంప ఎండాలి, మామిడి నిలవాలి

పోడు చేసేవాళ్లకు వసంతపు వానతో ఇంకో తంటా. చలికాలంలో కొట్టిన పొద, కొమ్మ మార్చి దాకా ఎండి, ఏప్రిల్‌లో తగలబెడితే భగ్గున మండాలి. ఆ బూడిదే చోళ్లకు, సామలకు, కందులకు ఎరువు. నాలుగు జల్లులు ముందే పడితే కంప తడిసి పొగే తప్ప మంట రాదు. సగం కాలిన కంపను మళ్లీ కుప్పేసి మళ్లీ అంటించాలి. అడవికి పోడు మంచిదా కాదా అన్నది వేరే చర్చ, ఇక్కడ తేలేది కాదు. చాలా కాఫీ తోటలు ఒకప్పటి పోడు మెట్టలే. అక్కడ చెట్టు నిలబెట్టి నీడ పెంచడమే కాఫీ ఈ కొండలకు చేసిన పెద్ద మేలని నా నమ్మకం.

చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలను గ్రామదేవత ముందు పెట్టి పూజించి, ఆ ఏటి సాగుకు శ్రీకారం చుట్టే పండుగ ఇది. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బండ్లను ఆపి పండగ మామూలు వసూలు చేస్తారు. ఆ రోజుల్లో అరకు రోడ్డున కారులో పోయిన ప్రతివాడికీ ఇది అనుభవమే. మైదానంలో ఉగాదినాడు పంచాంగం విప్పి ఈ ఏడు వానలెన్ని అని అడుగుతాం. ఇక్కడ విత్తనాన్నే ముందుకు తెచ్చి కూర్చోబెడతారు. నాకు రెండోదే నచ్చుతుంది.

కొన్ని తెగల్లో కొత్త మామిడిని దేవతకు పెట్టాకే నోట పెట్టాలనే కట్టు ఉంది. మామిడి మీద అంత గౌరవం ఊరికే రాలేదు. పండు తిన్నాక టెంకను పారేయరు. లోపలి జీడిని ఎండబెట్టి, దంచి, వగరు పోయేలా కడిగి, వానాకాలంలో అంబలి కాస్తారు. చోళ్లు అడుగంటి కొత్త పంట ఇంకా రాని రోజుల్లో కడుపుకు ఆధారం అదే. కాబట్టి ఏప్రిల్‌లో కొట్టిన వడగళ్లకు మామిడి పిందె రాలిందంటే ఆ లోటు తెలిసేది ఆగస్టులో, అంబలి కుండలో. పూత మీదుండగా వరసగా మబ్బులు పట్టి రాత్రిళ్లు చలి తగ్గకపోయినా ఇబ్బందే. బూడిద తెగులు, తేనెమంచు పురుగు అప్పుడే కమ్ముకుంటాయి. వాన పడకుండా పాడుచేసే మబ్బు అది. కాఫీకి పైసా పనికిరాదు, మామిడిని మాడ్చి పోతుంది.

దొర తోట, మన పెరడు

అరకు ఊళ్లో పద్మాపురం తోటలు చూడని పర్యాటకుడు ఉండడు. గులాబీలు, చెట్టుమీది గుడిసెలు, బొమ్మ రైలు. ఈ తోట పుట్టుక వేరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి దీన్ని వేశారు. సముద్రపు ఒడ్డున విశాఖ వేడికి క్యాబేజీ, క్యారెట్ సరిగా రావు. ఘాట్ ఎక్కితే వస్తాయి. ఆ సంగతి అప్పటివాళ్లు కనిపెట్టారు. కానీ ఈ శీతల పంటలకు అరకు చలి అద్దె ఇల్లే. మార్చి వస్తే ఖాళీ చేయాలి. ఎండ ముదరగానే కాలీఫ్లవర్ పువ్వు గట్టితనం పోయి విడిపోతుంది, ముల్లంగికి పూతకాడ లేస్తుంది. ఆకుకూర రెండు రోజుల్లో చేదెక్కుతుంది.

లంబసింగిది మరీ చిత్రం. చలికాలంలో సున్నా దరిదాపులకు దిగే ఊరు. ఆ చలిని నమ్ముకునే స్ట్రాబెర్రీ వేశారు. పండు కోతలు ఫిబ్రవరి, మార్చి దాకా సాగుతాయి. పండు మీద ఒక్క రాత్రి జల్లు పడితే బూడిదరంగు బూజు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చింతపల్లి వైపు ఆపిల్ మొక్కలు కూడా నాటి చూశారు. ఆపిల్‌కు చలి గంటలు లెక్కపెట్టి ఇవ్వాలి, ఆ తర్వాత వసంతం నిదానంగా రావాలి. మన వసంతానికి ఆ నిదానం లేదు. ఫిబ్రవరి శివరాత్రికి చలి శివశివా అని పోయిందనుకుంటే, మార్చిలో వానవెంట తిరిగొస్తుంది, మర్నాడు మళ్లీ మాయం.

గిరిజనుల పెరడు ఈ తికమకకు ఎప్పుడో అలవాటు పడింది. అందులో ఏదీ వరుసలో ఉండదు. పనస కింద అల్లం, అల్లం పక్కన పిప్పళ్లు, కంచె మీద చిక్కుడు, చెత్తకుప్ప మీద గుమ్మడి. వసంతంలో ఒక వాన ఎవరినో ఒకరిని దెబ్బతీస్తుంది, ఎవరినో ఒకరిని లేపుతుంది. చిక్కుడుకు పేనుబంక పడితే పనస లేతకాయ కూరకు అందుతుంది. మామిడి రాలితే పచ్చికాయ ముక్కలు కోసి ఎండేస్తారు. ఉద్యాన శాఖ కంటికి ఇది అస్తవ్యస్తంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది వాతావరణం మీద తరతరాల అనుమానంతో వేసిన తోటలా కనిపిస్తుంది. అనుమానం న్యాయమైనదే.

నీడ పోతే, పురుగొస్తే

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపిందని అందరికీ గుర్తే. కొండమీద అది సిల్వర్ ఓక్‌లను వరసగా కూల్చింది. చెట్టు మీద పాకిన మిరియం చెట్టుతోనే పోయింది. కింద కాఫీ మిగిలినచోట కూడా నెత్తిన గొడుగు లేకుండా పోయింది. తుపాను అక్టోబరుదైనా దాని దెబ్బ తర్వాతి వసంతాల్లో తెలిసొచ్చింది. మార్చి ఎండ నేరుగా ఆకు మీద పడితే ఆకు మాడుతుంది, నేల తడి త్వరగా ఆరుతుంది. ఎండ పొడ తగిలిన కాండాన్నే వెతుక్కుని తెల్ల కాండం తొలుచు పురుగు గుడ్లు పెడుతుంది. నీడచెట్టు పెరిగి మళ్లీ గొడుగు పట్టడానికి ఏళ్లు పడుతుంది.

2025 ఆగస్టులో అరకులోయ మండలంలో కాఫీ బెర్రీ బోరర్ బయటపడింది. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మొదటిసారి దేశంలో కాలుపెట్టిన ఈ పురుగు కర్ణాటక, కేరళ తోటలను పీడిస్తున్నా ఇన్నాళ్లూ మన్యానికి రాలేదు. సోకిన తోటల్లో కాయలు కోయించి, మరిగే నీళ్లలో ముంచి, గొయ్యి తీసి పాతిపెట్టించారు. నువ్వుగింజలో సగమైనా ఉండని నల్లపురుగు. కాయ బొడ్డు దగ్గర సన్నని రంధ్రం చేసి లోపల గింజలోనే సంసారం పెడుతుంది.

దీనికీ వసంతపు వానకూ దగ్గరి చుట్టరికం ఉంది. కోతలయ్యాక చెట్టు మీద మర్చిపోయిన కాయల్లో, కింద రాలిన ఎండు కాయల్లో పురుగు తలదాచుకుంటుంది. ఎండాకాలపు మొదటి జల్లులకు గాలిలో తేమ పెరగగానే బయటికొచ్చి కొత్త పిందె కోసం వెతుకుతుంది. రైతు ఎదురుచూసే పూతవానే దానికీ పిలుపు. ఆ పైన పూత విడతలు విడతలుగా వస్తే పురుగుకు పండగ. జనవరిలో అకాలవాన పడి కొంత పూత, మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత వస్తే చెట్టు మీద ఎప్పుడూ ఏదో ఒక వయసు కాయ ఉంటుంది, పురుగుకు తిండి కరువుండదు. అన్నీ ఒకేసారి పూసి ఒకేసారి పండిన ఏడాది కోత ఒకేసారి ముగుస్తుంది, పురుగు పస్తుంటుంది. చలికాలంలో ఎండు నేల కావాలని మొదట్లో చెప్పుకున్నామే, ఆ షరతుకు ఇప్పుడు ఇంకో కారణం జతపడింది.

కాబట్టి ఫిబ్రవరి చివరినాటికి తోటలో రాలిన ప్రతి కాయా ఏరాలి. పసుపు తవ్వకం, చింత దులపడం, చీపుర్ల కోత ఉన్న ఆ వారాల్లోనే ఏరాలి. ఏరితే కూలి గిట్టదు, ఏరకపోతే తోట గిట్టదు. ఊరంతా ఏరి ఒక్కడు ఏరకపోయినా ఫలితం ఉండదు. పరిష్కారం మందులో ఉందని ఎవరైనా చెబితే నేను నమ్మను. రసాయనం ఎరగని కాఫీ అన్న పేరుతోనే ఇక్కడి గింజ దూరదేశాలకు పోతోంది. ఏరివేతకు కూలి లెక్కగట్టి సంస్థలే చెల్లించడం మేలు. అదీ మొదటి వానకు ముందే.

ఆ మొదటి వాన ఎంత పడిందన్నది కూడా గూడేనికి గూడెం తెలియాలి. ఇప్పుడు పత్రికలో వచ్చేది మండలం అంకె. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక్కో మండలం ఎన్ని కొండలు, ఎన్ని లోయలు దాటి పరచుకుందో తెలిసినవాళ్లకు ఆ సగటుతో ఏ తోటకు పూత వస్తుందో చెప్పడం కుదరదని తెలుసు. వానమాపకం ఖరీదైన యంత్రమేం కాదు, ఒక గరాటు, ఒక సీసా, ఒక కొలగొట్టం. ఆ కొండల్లో చాలాచోట్ల గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలున్నాయి. వాతావరణ శాఖ పద్ధతిలోనే ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లలు కొలిచి బడి గోడ మీద అంకె రాస్తే చాలు. 25 దాటితే ఎనిమిదో రోజుకు తోటవైపు పోవచ్చు. పది దగ్గరే ఆగితే మొగ్గను మబ్బుకు వదిలేసి, ఎండ ఉండగానే పసుపు ఆరబెట్టుకోవచ్చు.